వెండి నాణెం మీద అడవి జంతువు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

వన్యప్రాణుల బొమ్మలున్న వెండి బులియన్ నాణేల మీద ఈ శీర్షికకు ఉత్తరాలు తరచుగా వస్తున్నాయి. ఒకే సందేహం అడిగిన ఉత్తరాలను కలిపి, సంక్షిప్తం చేసి, ఈసారి వాటన్నిటికీ ఒకేచోట జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: అయ్యా, నేను ఇంతవరకు చలామణీలో తిరిగిన పాత నాణేలే సేకరించాను. ఒక మిత్రుడి దగ్గర కెనడా తోడేలు నాణెం చూసినప్పటి నుంచి మనసు దాని మీదే ఉంది. దాని మీద 5 డాలర్లని రాసి ఉండగా ఆయన అంతకు ఎన్నో రెట్లు పెట్టి కొన్నారట. ఆయన మోసపోయారా? నేను మొదలుపెట్టాలంటే ఏ వరుసతో మొదలుపెట్టాలి?

జవాబు: మీ మిత్రుడు మోసపోలేదు. బులియన్ నాణేన్ని కొనేది అందులోని లోహం కోసం. దాని మీద కనిపించే ముఖవిలువ, అది ఒక ప్రభుత్వం పేరుతో చట్టబద్ధంగా వెలువడిన నాణెమని చెప్పడానికి వేసిన అంకె మాత్రమే. ఆ తోడేలు నాణెంలో 999.9 మేలిమి (వెయ్యి పాళ్లలో 999.9 పాళ్లు శుద్ధ వెండి) గల వెండి ఒక ట్రాయ్ ఔన్సు, అంటే 31.1035 గ్రాములు ఉంటుంది. మామూలు సరుకులు తూచే ఔన్సు 28.35 గ్రాములే కనుక ఈ రెండు ఔన్సులనూ ఒకటిగా లెక్కవేసి కంగారుపడే కొత్తవారు చాలామంది ఉన్నారు. మీరు మొదటి రోజునే ఈ తేడాను మనసులో పెట్టుకోండి.

కెనడా టంకశాల అయిన రాయల్ కెనడియన్ మింట్ 2011 నుంచి 2013 వరకు ఏడాదికి రెండేసి చొప్పున ఆరు వన్యప్రాణి నాణేలు తెచ్చింది. 2011లో తోడేలు, గ్రిజ్లీ ఎలుగుబంటి. 2012లో కూగర్ అనే పెద్ద అడవి పిల్లి, మూస్ అనే భారీ దుప్పి. 2013లో ప్రాంగ్‌హార్న్, వుడ్ బైసన్ అనే అడవి దున్న వచ్చాయి. ఒక్కొక్కదాన్ని 10 లక్షలకు పరిమితం చేశారు. కొత్తగా చేరేవారికి నేను ఈ వరుసనే సూచిస్తాను, ఎందుకంటే దీనికి ఒక ముగింపు ఉంది. ఆరు నాణేలు చేతికి వస్తే వరుస పూర్తవుతుంది. ఏటా కొత్త బొమ్మతో వచ్చే వరుసలో చేరినవారికి ఆ తృప్తి ఎన్నటికీ దొరకదు. పైగా 10 లక్షలంటే అరుదైన సంఖ్య కాదు కాబట్టి, ఎవరైనా దీన్ని దొరకని వస్తువుగా చెప్పి ధర పెంచితే నమ్మనక్కరలేదు.

ఈ ఆరింటిలో ప్రాంగ్‌హార్న్ గురించి ఒక మాట. దీన్ని అందరూ జింక అంటారు, నాణేల జాబితాల్లోనూ అలాగే రాస్తారు. నిజానికి అది జింకల కుటుంబానికి చెందదు. జీవించి ఉన్న జంతువుల్లో దానికి దగ్గరి చుట్టాలు జిరాఫీ, ఒకాపి. సేకరణ మొదలుపెట్టాక ఇటువంటి విషయాలు తెలుసుకోవడమే సగం ఆనందం. ఇంకొకటి, ఈ నాణేల్లో బొమ్మవైపున ఎలిజబెత్ రాణి ముఖం, బొరుసువైపున జంతువు ఉంటాయి. మన సేకర్తలకు మాత్రం బొరుసే అసలు బొమ్మ.

ఇవి టంకశాల నుంచి విడి పెట్టెల్లో కాక, 25 నాణేలు పట్టే ప్లాస్టిక్ గొట్టాల్లో వచ్చాయి. ఒకదానికొకటి రాసుకోవడం వల్ల ఏర్పడిన చిన్నచిన్న గీతలు వీటి మీద సహజంగానే కనిపిస్తాయి. అది లోపం కాదు, బులియన్ నాణెం స్వభావం.

ప్రశ్న: ఒకే బరువు, ఒకే మేలిమి ఉన్న రెండు నాణేల్లో తోడేలు ఉన్నదానికి ఎక్కువ ధర, వేరొకదానికి తక్కువ ధర ఎందుకు చెబుతున్నారు? ఆ ఎక్కువ సొమ్ము అమ్మేటప్పుడు తిరిగి వస్తుందా?

జవాబు: ఈ విడతలో అన్నిటికంటే ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఇదే కనుక కొంచెం వివరంగా చెబుతాను.

నాణెం ధరలో రెండు పాళ్లు ఉంటాయి. మొదటిది ఆనాటి అంతర్జాతీయ విపణిలో ఆ బరువు వెండికి పలికే ధర. దాన్ని స్పాట్ ధర అంటారు. రెండోది దాని మీద వేసే ప్రీమియం. నగకు మజూరీ ఎలాంటిదో నాణేనికి ప్రీమియం అలాంటిది. ముద్రణ ఖర్చు, రవాణా, వ్యాపారి లాభం అందులో కలిసి ఉంటాయి. జంతువుల నాణేల్లో వీటికి తోడు మరొకటి చేరుతుంది: ఆ జంతువు మీద జనానికున్న మోజు. తోడేలు వరుసలో మొదటిది, చూడగానే ఆకట్టుకునేది. ఆరింటినీ పూర్తిచేయాలనుకునే ప్రతివాడూ దాని కోసం వెతుకుతాడు.

అమ్మేటప్పుడు మొదటి పాలు తప్పకుండా తిరిగి వస్తుంది, ఆనాటి వెండి ధర మేరకు. రెండో పాలు వస్తుందా రాదా అన్నది ఎదుటివాడు ఎవరన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. లోహం వ్యాపారికి అమ్మితే తోడేలైనా దున్న అయినా అతనికి ఒకటే; కాటా జంతువును చూడదు. ఆ వరుసను సేకరిస్తున్న మరో సేకర్తకు అమ్మితే ప్రీమియం తిరిగి రావచ్చు, కొన్నిసార్లు పెరిగి కూడా రావచ్చు. అసలు కన్నా కొసరు ముద్దు అన్న సామెత ఈ బేరంలో కొనేటప్పుడు నిజమనిపిస్తుంది, అమ్మేటప్పుడు మాత్రం అసలే మిగులుతుంది. అందుకే ఏ నాణెం చూసినా, ఇందులో వెండి ఎంత, బొమ్మకు నేను ఇస్తున్నది ఎంత అని విడివిడిగా కాగితం మీద రాసుకోమంటాను. బొమ్మకు ఇస్తున్న సొమ్ము ఇక తిరిగి రాదనుకున్నా బాధ కలగకపోతేనే కొనాలి.

చిన్న నాణేల్లో ఈ లెక్క ఇంకా కఠినంగా ఉంటుంది. అర ఔన్సు నాణేన్ని ముద్రించడానికీ ఔన్సు నాణేన్ని ముద్రించడానికీ పని దాదాపు ఒకటే. వెండి మాత్రం సగమే. కాబట్టి చిన్నవాటిలో ప్రీమియం వాటా పెద్దది, కిలో నాణేల్లో తక్కువ.

వెండి ధర కూడా నిలకడైనది కాదు. 2011 ఏప్రిల్ చివర ఔన్సు 50 డాలర్లకు చేరువైంది, ఆ తరువాత సుమారు వారం రోజుల్లోనే నాలుగో వంతుకు పైగా పడిపోయింది. 2020 మార్చిలో 12 డాలర్ల దరిదాపులకు దిగింది. సరిగ్గా 2011 వేసవి ముందు, తోడేలు కొత్తగా బజారులోకి వచ్చిన రోజుల్లో, అమిత ఉత్సాహంతో గొట్టాలకు గొట్టాలు కొన్నవారు ఆ తరువాత ఏళ్ల తరబడి ఎదురుచూడవలసి వచ్చింది. నాణెం మీది తోడేలు ఎంత అందంగా ఉన్నా పడిపోతున్న వెండి ధరను ఆపలేదు.

ప్రశ్న: ఏటా బొమ్మ మారే నాణేలు మంచివా, మారనివి మంచివా?

జవాబు: సేకరణకు మారేవి, వెండి పోగుచేయడానికి మారనివి. ఆస్ట్రేలియాలో పెర్త్ మింట్ 1990 నుంచి ఇస్తున్న కూకబుర్రా, 2007 నుంచి ఇస్తున్న కోలా నాణేల మీద బొమ్మ ఏటా మారుతుంది. అదే టంకశాల 2016లో మొదలుపెట్టిన ఔన్సు వెండి కంగారూ నాణెం మీద బొమ్మ అలాగే ఉండి, సంవత్సరం మాత్రం మారుతుంది. కూకబుర్రా అంటే మన లకుముకి పిట్టకు పెద్దన్న వంటిది, లకుముకి జాతుల్లో ఆకారంలో పెద్దవాటిలో ఒకటి. ఏనుగు బొమ్మ నాణేలు 2004 నుంచి సోమాలియా పేరుతో, అంతకుముందు జాంబియా పేరుతో వచ్చాయి. వీటి మీద ఏనుగు నిలబడే తీరు ఏటా మారుతుంది. ఆ నాణేలను ముద్రించేది ఆఫ్రికాలో కాదు, జర్మనీలోని బవేరియా రాష్ట్ర టంకశాలలో. సోమాలియా పేరు చూసి, ఆ దేశపు వీధుల్లో తిరిగే నాణెమని ఎవరైనా అనుకుంటే పొరపాటే.

పాండా కథ ఈ సందర్భంలో చెప్పుకోదగ్గది. చైనా పాండా నాణెం మీద బొమ్మ ఏటా మారడం మొదటి నుంచి ఆనవాయితీ. 2001లో ఇకమీదట ఒకే బొమ్మ ఉంచుతామని నిర్ణయించి, 2002లో మళ్లీ అదే బొమ్మ వేశారు. సేకర్తలు ఒప్పుకోలేదు. 2003 నుంచి మార్పు తిరిగి మొదలైంది. బొమ్మ మారడం కోసమే జనం ఆ నాణెం కొంటున్నారని టంకశాలకు అప్పుడు తెలిసివచ్చింది.

అమెరికా వెండి ఈగిల్‌ను వన్యప్రాణి నాణెంగా లెక్కించవచ్చా అని ఇద్దరు అడిగారు. 1986 నుంచి 2021 మధ్యవరకు దాని మీద ఉన్నది రొమ్ము మీద డాలు ఉన్న రాజలాంఛన గ్రద్ద. దాన్ని నేను అడవి పక్షిగా ఒప్పుకోను. 2021లో ఎమిలీ డామ్‌స్ట్రా గీసిన బొమ్మలో గ్రద్ద కొమ్మను కాళ్లతో పట్టుకుని గూటి మీద వాలుతూ కనిపిస్తుంది. ఆ పక్షికి మన సేకరణలో చోటుంది.

ప్రశ్న: నా పాండా నాణేన్ని తూస్తే 30.0 గ్రాములే చూపింది. అమ్మినవాడు ఒక ఔన్సు అన్నాడు. గ్రాము పైగా వెండి తగ్గింది కాబట్టి ఇది నకిలీయేనా?

జవాబు: ముందు నాణెం మీది సంవత్సరం చూడండి. 2016 నుంచి చైనా ట్రాయ్ ఔన్సును విడిచిపెట్టి గ్రాముల లెక్కకు మారింది, కాబట్టి 2016, ఆ తరువాతి పాండాలు సరిగ్గా 30 గ్రాములే ఉండాలి. మీది ఆ సంవత్సరాలదైతే నాణెం నిక్షేపంగా ఉంది. తప్పు, దాన్ని ఔన్సు అని చెప్పి అమ్మినవాడిది. 1989 నుంచి 2015 వరకు వచ్చిన సాధారణ పాండాలు ఒక ఔన్సువి. ఆ సంవత్సరాల నాణెం 30 గ్రాములు తూగితే అనుమానించవలసిందే. ఇంకా వెనక్కి వెళితే 1983 నుంచి 1985 వరకు వచ్చిన తొలి వెండి పాండాలు 900 మేలిమితో 27 గ్రాముల ప్రూఫ్ నాణేలు, అంటే సేకర్తల కోసం అద్దంలా మెరిసేలా ప్రత్యేకంగా ముద్రించినవి. ఈ మూడు బరువులనూ తెలియక, మంచి నాణేలను నకిలీలని తిరిగి ఇచ్చేసినవారు ఉన్నారు.

2015 పాండాది మరో చిక్కు. ఆ ఏడాది నాణెం మీద బరువు, మేలిమి రాయలేదు. అది చూసి నకిలీ అనుకోవద్దు, అసలుదే అలా వచ్చింది. పాండాలకు నకిలీలు విపరీతంగా ఉన్న మాట మాత్రం నిజం. అందువల్ల అవతలి పక్కన ఉండే బీజింగ్ స్వర్గాలయ మందిరపు మెట్లు, కప్పు అంచులు పదును తేలి ఉన్నాయా, అక్షరాల గీతలు మొద్దుబారకుండా ఉన్నాయా అని పదిరెట్లు పెంచి చూపే భూతద్దంతో, అదే సంవత్సరపు నమ్మకమైన ఛాయాచిత్రం పక్కన పెట్టుకుని, తీరికగా పోల్చి చూడటం అలవాటు చేసుకోండి.

ప్రశ్న: ఇంట్లో నాణేనికి గీత పడకుండా అది వెండేనా అని తేల్చుకునే మార్గం ఉందా? గీటురాయి మీద గీయడానికి మనసు రావడం లేదు.

జవాబు: గీయకండి. గీటురాయి నగకు సరే, నాణెం విలువను అది అక్కడికక్కడే తగ్గిస్తుంది. పైగా పైపూత మందంగా ఉంటే గీటురాయి కూడా పూతనే చూపిస్తుంది.

నేను నమ్మే పరీక్ష నీటితో చేసేది. వెండి సాంద్రత ఘన సెంటీమీటరుకు 10.49 గ్రాములు. అంటే 31.1 గ్రాముల వెండి నాణెం నీటిలో మునిగినప్పుడు సుమారు 2.97 గ్రాముల నీటిని పక్కకు నెడుతుంది. గాజు గ్లాసులో స్వేదనజలం పోసి, గ్రాములో నూరో వంతు వరకు చూపే కాటా మీద పెట్టి, అంకెను సున్నాకు తీసుకురండి. సన్నని దారానికి కట్టిన నాణేన్ని పూర్తిగా మునిగేలా, అయితే అడుగుకు గాని గోడలకు గాని తగలకుండా వేలాడదీయండి. కాటా మీద కనిపించేది నాణెం నెట్టిన నీటి బరువు. నాణెం పొడి బరువును ఆ అంకెతో భాగిస్తే సాంద్రత వస్తుంది. నాణేనికి గాలి బుడగలు అంటుకుని ఉంటే అంకె తప్పుగా వస్తుంది కాబట్టి దారాన్ని ఒకసారి నెమ్మదిగా కదిలించి బుడగలు వదిలించాలి.

కొన్నేళ్ల క్రితం నేను ఒక ఏనుగు నాణెం కొన్నాను. ఎవరి దగ్గరో ఇక్కడ అనవసరం. పొడిగా తూస్తే 31.0 గ్రాములు, బాగుందనుకున్నాను. మరో ఏనుగు పక్కన నిలబెడితే అంచు ఒక గోరు గీత మందం ఎక్కువగా కనిపించింది, అదీ వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటేనే. నీటిలో వేలాడదీస్తే కాటా 3.49 దగ్గర ఆగింది. 31.0ని 3.49తో భాగిస్తే 8.88, రాగి సాంద్రత 8.96. వెండి పూత పూసిన రాగి బిళ్ల మీద ఏనుగు చెవులు ఊపుతూ నిలబడి ఉంది. బరువు సరిపెట్టడానికి చేసినవాడు మందం పెంచాడు, రెండింటినీ ఒకేసారి సరిపెట్టడం అతనికి సాధ్యం కాలేదు. నకిలీని పట్టించేది ఎప్పుడూ ఈ ఇరకాటమే: తేలిక లోహమైతే బరువో పరిమాణమో ఒకటి తప్పుతుంది. టంగ్‌స్టన్ బంగారానికి సాంద్రతలో దగ్గర కాబట్టి బంగారు నకిలీలకు వాడతారు. దాని సాంద్రత 19.3 కావడంతో వెండికి పనికిరాదు. కాబట్టి కాలిపర్ అనే కొలత పరికరంతో వ్యాసం, మందం, కాటాతో బరువు కొలిస్తే చాలావరకు నకిలీలు అక్కడే దొరికిపోతాయి.

అయస్కాంతం పరీక్షను అతిగా నమ్మవద్దు. వెండికి అయస్కాంతం అంటుకోదు. ఏటవాలుగా పెట్టిన నాణెం మీద బలమైన అయస్కాంతాన్ని వదిలితే అది జర్రున జారకుండా, ఎవరో పట్టి ఆపుతున్నట్టు నెమ్మదిగా దిగుతుంది; వెండి విద్యుత్తును అన్ని లోహాలకంటే బాగా ప్రవహింపజేయడం వల్ల లోపల పుట్టే సుడి విద్యుత్తు ఆ పని చేస్తుంది. చూడటానికి ముచ్చటగానే ఉంటుంది. రాగి మీద కూడా అయస్కాంతం ఇలాగే నెమ్మదిస్తుంది. నా ఏనుగు ఆ పరీక్షలో నెగ్గింది. ఇనుము కలిసిన నాసిరకం నకిలీలను పట్టడానికి తప్ప ఈ పరీక్ష చాలదు.

ప్రశ్న: మావారు ప్రేమతో నా గ్రిజ్లీ నాణేన్ని టూత్‌పేస్టుతో తోమి తళతళలాడించారు. అంతకుముందు అంచు వెంట పసుపు, నీలం రంగులు తిరిగి ఉండేవి. ఇప్పుడు అద్దంలా ఉన్నా ఏదో తప్పు జరిగిందని నాకు అనిపిస్తోంది.

జవాబు: మీకు అనిపించింది నిజం. మేలిమి వెండి చాలా మెత్తనిది, గట్టితనంలో మన వేలిగోరు స్థాయిది. టూత్‌పేస్టులోని రాపిడి పొడి అంతకంటే గట్టిది. భూతద్దం కింద చూడండి: ఎలుగుబంటి బొచ్చు మీద, ఖాళీ మైదానం మీద ఒకే దిక్కుకు సాగిన వేల సన్నని గీతలు కనిపిస్తాయి. అచ్చు కొట్టినప్పుడు లోహం బయటికి సాగడం వల్ల ఏర్పడే సహజమైన మెరుపు, నాణేన్ని తిప్పితే చక్రంలా తిరిగే ఆ కాంతి, వాటితో పోతుంది. అది తిరిగి రాదు. వెండి బరువు మాత్రం అలాగే ఉంది కాబట్టి లోహంగా మీకు నష్టం లేదు. సేకర్తకు అమ్మాలనుకుంటే మాత్రం తోమిన నాణెమని చెప్పే అమ్మాలి.

ఆ పసుపు, నీలం రంగులు మురికి కాదు. గాలిలోని గంధకపు వాయువులు వెండితో కలిసి సిల్వర్ సల్ఫైడ్ అనే పలుచని పొరను తయారుచేస్తాయి. ఆ పొర మందాన్ని బట్టి మొదట లేత పసుపు, తరువాత ఊదా, నీలం, చివరికి నలుపు కనిపిస్తాయి. ఇంద్రధనుస్సులా రంగులు తిరిగిన నాణేలకు ఎక్కువ ధర పెట్టే సేకర్తలున్నారు. అల్యూమినియం రేకు, వంటసోడా, వేడినీళ్ల పద్ధతి పాత్రలకు మంచిదే. అది సల్ఫైడ్‌ను తిరిగి వెండిగా మారుస్తుంది గాని నాణెం ముఖం మీద పాలిపోయిన మసకను మిగిల్చిపోతుంది. నల్లబడిన నాణేన్ని నల్లగానే ఉంచమన్నది నా సలహా. మీవారిని ఏమీ అనకండి, నాణేల డబ్బాకు తాళం వేయండి చాలు.

ప్రశ్న: కొన్నప్పుడు శుభ్రంగా ఉన్న మూస్ నాణెం మీద రెండేళ్ల తరువాత పాలచుక్కల్లాంటి తెల్లని మచ్చలు వచ్చాయి. నేను దాన్ని చేత్తో ముట్టనైనా లేదు.

జవాబు: మీ తప్పు ఏమీ లేదు. సేకర్తలు వీటిని పాల మచ్చలనే అంటారు. అచ్చు కొట్టకముందే బిళ్లలను కడిగిన ద్రావకం పూర్తిగా పోకుండా ఆ పైన కొలిమిలో వేడి చేసినప్పుడు లోహంలో స్థిరపడి, కాలక్రమంలో తెల్లగా బయటపడుతుందని సాధారణంగా చెబుతారు. మేలిమి ఎక్కువగా ఉన్న కెనడా నాణేల్లో ఈ ఫిర్యాదు చాలాకాలం నుంచి ఉంది. ఆ టంకశాల 2018లో మింట్‌షీల్డ్ అనే ఉపరితల రక్షణ పద్ధతిని తెచ్చింది కూడా ఈ మచ్చలను తగ్గించడానికే. మీ మూస్ 2012 నాటిది కాబట్టి దానికి ఆ రక్షణ లేదు. ఈ మచ్చలు లోహంలో భాగమైపోతాయి. రుద్దితే మచ్చ పోదు, మెరుపు పోతుంది. పాత కెనడా నాణేలకు ఎక్కువ ప్రీమియం పెట్టకపోవడానికి నాకున్న కారణాల్లో ఇదొకటి.

ప్రశ్న: ప్లాస్టిక్ పర్సుల్లో పెట్టిన నాణేల మీద పచ్చటి జిగురు తేలింది. ఏం చేయాలి?

జవాబు: ఇది పాల మచ్చల వంటిది కాదు, తొందరగా చర్య తీసుకోవలసినది. మెత్తగా వంగే చవక పర్సులు పీవీసీతో చేసినవి. కాలం గడిచేకొద్దీ వాటిలోంచి మెత్తదనం కోసం కలిపిన నూనె పదార్థం, ఆమ్లం బయటికి వచ్చి నాణెం ముఖాన్ని తింటాయి. శుద్ధ ఎసిటోన్ ఉన్న గాజు పాత్రలో నాణేన్ని కొద్దిసేపు ముంచి, అంచు పట్టుకుని తీసి, మరోసారి కొత్త ఎసిటోన్‌లో ముంచి, రుద్దకుండా గాలికి ఆరనివ్వండి. గోళ్ల రంగు తీసే ద్రావకం వాడకండి, అందులో సువాసనలు, నూనెలు కలిపి ఉంటాయి. ఎసిటోన్ నిప్పును ఇట్టే అందుకుంటుంది కాబట్టి గాలి ఆడే చోట, మంటకు దూరంగా చేయాలి. ఎసిటోన్ ఆ జిగురును మాత్రమే తీస్తుంది, వెండిని ముట్టదు. ఆమ్లం ఇప్పటికే తిన్న గుంటలు మాత్రం మిగులుతాయి.

ఆ తరువాత వాటిని గట్టి ఆక్రిలిక్ క్యాప్సూళ్లలో గాని, మైలార్ అనే పారదర్శక ప్లాస్టిక్ పర్సుల్లో గాని ఉంచండి. కెనడా వన్యప్రాణి నాణేనికి 38 మిల్లీమీటర్ల క్యాప్సూల్ సరిపోతుంది, అమెరికా ఈగిల్‌కు 40.6 మిల్లీమీటర్లది కావాలి. క్యాప్సూల్ వదులుగా ఉంటే నాణెం లోపల కదిలి అంచు దెబ్బతింటుంది. డబ్బాలో తేమ పీల్చే సిలికా సంచి ఒకటి వేయండి. రబ్బరు బ్యాండు, ఉన్ని గుడ్డ, వార్తాపత్రిక దగ్గరకు రానివ్వకండి. వీటిలోని గంధకం వెండిని నల్లబరుస్తుంది. కూకబుర్రా, కోలా నాణేలు టంకశాల నుంచే విడి క్యాప్సూళ్లలో వస్తాయి, వాటిని విప్పే అవసరమే లేదు.

ప్రశ్న: 70 మార్కులు వేసి పెట్టెలో సీలు చేసిన నాణెం కొనడం లాభమా?

జవాబు: విలియం షెల్డన్ 1949లో అమెరికా పాత సెంట్ల కోసం రూపొందించిన నాణెం స్థితికి 1 నుంచి 70 వరకు మార్కులు వేసే కొలమానమే ఇది. కొత్తగా ముద్రించిన బులియన్ నాణేల్లో 69, 70 మార్కులు రావడం సామాన్యమే. ఆ రెండింటి మధ్య తేడా మామూలు కంటికి కనిపించదు, ధరలో మాత్రం కనిపిస్తుంది. పాండా వంటి నకిలీల బెడద ఉన్న నాణేనికి నమ్మకమైన సంస్థ సీలు పనికివస్తుంది. లక్షల్లో ముద్రించిన నాణేనికి 70 మార్కుల కోసం రెట్టింపు ధర పెట్టడం నాకు ఇష్టం లేదు.

ప్రశ్న: పులి బొమ్మతో ఉన్న పాత వెండి నాణేలు ఉన్నాయా? ఇలాంటివి కొంటే వన్యప్రాణులకు ఏమైనా మేలు జరుగుతుందా?

జవాబు: ఇప్పటి బులియన్ నాణెం కొన్నంత మాత్రాన అడవికి ఏమీ చేరదు. టంకశాల ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప ఆ సొమ్ము వెండికి, ముద్రణకు, వ్యాపారికి పోతుంది. అయితే 1974లో మొదలై 70ల చివరి వరకు సాగిన ఒక వరుస ఉంది. ప్రపంచ వన్యప్రాణి నిధి, ప్రకృతి సంరక్షణకు కృషిచేసే అంతర్జాతీయ సంఘం ఐయూసీఎన్‌లతో కలిసి అనేక దేశాలు తమ అంతరించిపోతున్న జంతువుల బొమ్మలతో వెండి, బంగారు నాణేలు ఇచ్చాయి. వాటి అమ్మకాల్లో కొంత భాగం సంరక్షణకు వెళ్లింది. నేపాల్ 1974లో 25 రూపాయల వెండి నాణెం మీద మోనాల్ నెమలికోడినీ, 50 రూపాయల దాని మీద ఎర్ర పాండానూ వేసింది. ఇవి బులియన్ నాణేలు కావు. ప్రూఫ్ నాణేల మేలిమి 925, మామూలు వాటిది అంతకంటే బాగా తక్కువ. కాబట్టి వాటిని వెండి బరువుతో కాక బొమ్మతో, నాణెం స్థితితో బేరం చేయాలి.

మీరడిగిన పులి ఇదే వరుసలో ఉంది. ఇండోనేషియా 1974లో తెచ్చిన 2000 రూపియాల వెండి నాణెం మీద జావా పులి కనిపిస్తుంది. ఆ దశకం తరువాత జావా అడవుల్లో ఆ పులిని ఖాయంగా చూసినవారు లేరు, ఐయూసీఎన్ దాన్ని అంతరించిన జంతువుల జాబితాలో చేర్చింది. కొనదలిస్తే తోమని నాణెమే వెతకండి; పులి చారల మధ్యనున్న సన్నని పనితనం తోమితే ముందుగా అరిగేది.